కృష్ణమ్మ చివరన పెరిగే పిల్లలు

నిండు గుడ్లతో ఉన్న టైగర్ తల్లి రొయ్య ఒక్క రాత్రిలో మూడు లక్షల నుంచి ఏడెనిమిది లక్షల దాకా గుడ్లను నీళ్లలోకి వదిలేస్తుంది. వాటికి కాపలా ఉండదు, మేత పెట్టదు, మళ్లీ తిరిగి చూడదు. సముద్రంలో రొయ్యల సంఖ్య తరం తరువాత తరం ఒకే తీరున నిలవాలంటే, ఒక ఆడరొయ్య జన్మంతా పెట్టిన గుడ్లలోంచి సగటున ఒక ఆడపిల్ల, ఒక మగపిల్ల పెద్దవైతే సరిపోతుంది. మిగతా లక్షలన్నీ దారిలోనే పోతాయి. అవి ఎక్కడ పోతున్నాయి, ఏ రోజున పోతున్నాయి, ఎందుకు పోతున్నాయి? మత్స్యశాస్త్రం వందేళ్లకు పైగా తేల్చుకోవాలని చూస్తున్న ప్రశ్న ఇది.

నరసరావుపేటలో కూర్చున్నవాళ్లకు ఈ ప్రశ్నతో పనేమిటి అనిపించవచ్చు. మన ఊరికి సముద్రం లేదు. బాపట్ల, నిజాంపట్నం తీరాలున్న పాత గుంటూరు జిల్లాలో మనమూ ఒక భాగంగా ఉండేవాళ్లం. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయినప్పుడు తీరం బాపట్ల జిల్లా వైపు పోయింది, నరసరావుపేట ముఖ్యపట్టణంగా పల్నాడు జిల్లా ఏర్పడింది. కానీ పల్నాటికి ఉత్తరాన హద్దుగా పారేది కృష్ణ. ఆ నదిని నాగార్జునసాగర్ దగ్గర నిలబెట్టి కుడికాలువలోకి మళ్లిస్తేనే మన మాగాణి తడుస్తుంది, మిరపతోట నిలుస్తుంది. మళ్లించని నీరు బెజవాడ దగ్గర ప్రకాశం బ్యారేజీ దాటి నాగాయలంక, నిజాంపట్నం దిక్కున సముద్రంలో కలుస్తుంది. అక్కడ ఉప్పునీరూ మంచినీరూ కలిసే చోట, గోరంత కూడా లేని రొయ్యపిల్లలు, పీతపిల్లలు, చేపపిల్లలు పెరుగుతాయి. వాటి బతుకును నడిపే నదికి ఒక కొస మన చేతిలో ఉంది. అందుకే వాటి సంగతి మనకు తెలియాలి.

రొయ్య గుడ్డు వెచ్చటి సముద్రపు నీటిలో పన్నెండు నుంచి పదిహేను గంటల్లో పొదుగుతుంది. బయటికొచ్చే పిల్లకు రొయ్య పోలికే ఉండదు. మూడు జతల అవయవాలతో, చుక్కంత ఒంటితో, కుదుపు కుదుపుగా ఈదే ఆ ప్రాణిని నాప్లియస్ అంటారు. దానికి ఇంకా తినడం రాదు. గుడ్డులోంచి వెంట తెచ్చుకున్న సొనే దాని సద్దిమూట. ఒకటిన్నర, రెండు రోజుల్లో ఆరు ఉపదశలు దాటి జోయియా అవుతుంది. అప్పటికి మూట ఖాళీ అవుతుంది, మొదటిసారి ఆకలి పుడుతుంది. కంటికి కనపడని డయాటమ్‌లు, అంటే గాజులాంటి గుల్లలో బతికే ఏకకణ నాచులు, ఆ వేళకు దాని చుట్టూ దండిగా ఉండాలి. దాని కాళ్లకు ఎరను వెంటాడే సత్తువ లేదు. నీటిని వడగట్టుకుని ఏది దొరికితే అదే తింటుంది. చుట్టూ మేత పలచబడితే ఒకటి రెండు రోజుల్లో చచ్చిపోతుంది.

జోయియాలో మూడు మెట్లు, తరువాత మైసిస్‌లో మూడు మెట్లు. మైసిస్ తలకిందులుగా వేలాడుతూ, ఉండుండి తోక విదిలించి వెనక్కి ఎగురుతుంది. నాచుతో పాటు సన్నటి జంతు ప్లవకాలనూ పట్టుకోవడం ఈ దశలో మొదలవుతుంది. పొదిగిన పది పన్నెండు రోజులకు పోస్ట్‌లార్వా అవుతుంది. అప్పుడు చూస్తే అచ్చం చిన్న రొయ్యే. చెరువుల దగ్గర దీన్ని పీఎల్ అంటారు, రోజుల లెక్క కూడా పేరులోనే చేరుస్తారు: పీఎల్-10 అంటే పోస్ట్‌లార్వా అయ్యి పది రోజులైందని. టైగర్ పీఎల్‌ను మిగతా పిల్లల్లోంచి ఏరడం తీరప్రాంతపు పిల్లలకు కూడా తెలిసిన విద్య. పారదర్శకమైన ఒంటి కింద తల నుంచి తోక దాకా సన్నటి ముదురు గోధుమరంగు గీత ఉంటే అది టైగర్.

మండపీత దారి వేరు, కష్టం ఒకటే. తల్లి పీత మడ అడవుల్లోంచి బయలుదేరి సముద్రంలోకి వెళ్లి పిల్లలను వదులుతుంది. అయిదు జోయియా దశలు, ఆ తరువాత మెగలోపా, ఆ తరువాత పీతపిల్ల. మెగలోపాకు డెక్కలు వచ్చీ రాగానే పక్కనున్న తోబుట్టువుల మీదే పడుతుంది. పండుగప్ప పిల్లదీ ఇదే కథ. పొదిగినప్పుడు దానికి నోరు తెరుచుకుని ఉండదు, కళ్లకు రంగు రాదు. రెండు మూడు రోజుల్లో సొన కరిగిపోయేలోపు నోరు తెరుచుకోవాలి, కళ్లు పనిచేయాలి, ఎరను గుర్తుపట్టాలి, పట్టుకోవాలి, అరిగించుకోవాలి.

ఈ నాలుగైదు పనులూ ఒకేసారి కుదరవలసిన ఆ కొద్ది గంటల మీదే నార్వే శాస్త్రవేత్త యోహాన్ యోర్ట్ దృష్టి పెట్టాడు. ఉత్తర సముద్రాల్లో హెర్రింగ్, కాడ్ చేపలు ఒక ఏడు విరగబడడం, ఒక ఏడు మాయమవడం చూసి, చేపలు ఎటో వలస పోతున్నాయని అప్పటివాళ్లు అనుకునేవారు. యోర్ట్ బృందం చేపల పొలుసుల మీద వలయాలు లెక్కపెట్టి వాటి వయసులు తేల్చింది. ఏళ్ల తరబడి నార్వే వలల్లో పడిన హెర్రింగ్‌లో అత్యధిక భాగం 1904లో పుట్టినవేనని బయటపడింది. ఆ ఒక్క ఏడాది పిల్లలు ఎందుకో బాగా బతికాయి. ముందూ వెనుకా పుట్టినవి బతకలేదు. సొన అయిపోయి మొదటి మేత దొరకవలసిన ఆ గడియల్లోనే ఒక తరం భవిష్యత్తు తేలిపోతుందని 1914లో యోర్ట్ ప్రతిపాదించాడు. ఆ తరువాత వచ్చినవాళ్లు ఈ మాటను చాలా సవరించారు. మొదటి మేత ఒక్కటే కాదు, ప్రవాహాలు పిల్లలను ఎటు తోసుకుపోయాయి, వేటాడే జీవులు ఎన్ని ఉన్నాయి అన్నవీ లెక్కలోకి వచ్చాయి. అయినా పెద్ద చేపల రాబడి చిన్న పిల్లల మొదటి వారాల్లోనే నిర్ణయమవుతుందన్న మూలసూత్రం నిలిచింది.

ఇక్కడ పెరుగుదలకూ బతకడానికీ ఉన్న ముడిని ఒక చిన్న లెక్కతో చూడవచ్చు. వెయ్యి పిల్లలున్నాయనుకుందాం. రోజుకు పదింట ఒక వంతు చొప్పున పోతున్నాయనుకుందాం. సముద్రపు లార్వాల విషయంలో ఇది మరీ ఎక్కువ లెక్కేమీ కాదు. ప్రమాదకరమైన ఆ బుల్లి వయసు దాటడానికి ముప్ఫై రోజులు పడితే చివరికి మిగిలేవి నలభై రెండు. మేత బాగా దొరికి, నీరు తగినంత వెచ్చగా ఉండి, ఇరవై రోజుల్లోనే ఆ వయసు దాటితే మిగిలేవి నూట ఇరవై రెండు. పది రోజులు ముందు పెరిగితే దాదాపు మూడు రెట్లు పిల్లలు బతికినట్టు. పెద్దదయ్యే కొద్దీ దాన్ని మింగగల నోళ్లు తగ్గుతాయి, ఈత పెరుగుతుంది, ఒకటి రెండు రోజులు మేత లేకపోయినా తట్టుకుంటుంది. సముద్రపు పిల్లకు త్వరగా పెరగడం కంటే మంచి రక్షణ లేదు.

మన తీరంలో రొయ్యపిల్లలను తయారుచేసే హేచరీ ఈ లెక్క మీదే నడుస్తుంది. జపాన్‌లో మోటోసకు ఫుజినాగ 1934లో కురుమా రొయ్య చేత గుడ్లు పెట్టించాడు. తరువాతి ఏళ్లలో స్కెలిటోనిమా అనే డయాటమ్‌ను విడిగా పెంచి జోయియాలకు మేపి, ఆకలి గండం దాటించాడు. 1942లో ఆ పనంతా ప్రచురించాడు. ప్రపంచంలో ఈనాడున్న రొయ్యల హేచరీలన్నిటికీ మూలం అదే. మన దగ్గర 2009లో పసిఫిక్ తీరపు వనామి రొయ్యకు అనుమతి వచ్చింది. విదేశాల నుంచి వచ్చే తల్లి రొయ్యలు ముందు చెన్నైలోని క్వారంటైన్ కేంద్రంలో ఉండి, రోగం లేదని తేలాకే హేచరీలకు చేరతాయి. దేశంలో సాగయ్యే రొయ్యల్లో సగానికి పైగా మన రాష్ట్రంలోనే పండుతున్నాయంటే దాని వెనుక తీరం పొడవునా ఉన్న ఈ హేచరీల పని ఉంది.

ఆ పని ఎంత సున్నితమో చెప్పాలి. సముద్రపు నీటిని వడగట్టి, క్లోరిన్‌తో శుద్ధి చేసి, ఆ క్లోరిన్‌ను మళ్లీ పోగొట్టి తొట్లలో నింపుతారు. వేడి 28 నుంచి 32 డిగ్రీల మధ్య ఉండాలి, ఉప్పు లీటరుకు 30 గ్రాముల దరిదాపుల్లో ఉండాలి. పక్క గదిలో కీటోసెరాస్ వంటి డయాటమ్‌లు వేరే పెరుగుతుంటాయి. జోయియా తినడం మొదలుపెట్టిందో లేదో తెలుసుకోవడానికి సిబ్బంది బీకరులో నీళ్లు తీసి వెలుతురుకు పట్టి చూస్తారు. పిల్ల వెనుక పొడవైన దారంలా మలం వేలాడుతుంటే కడుపు నిండినట్టు. ఆ దారం కనపడకపోతే ఆ రాత్రి ఎవరికీ నిద్ర ఉండదు. జోయియా రెండో మెట్టులో పిల్లలు మేత మానేసి కుప్పకూలే జబ్బు ఇటీవలి సంవత్సరాల్లో మన హేచరీలను బాగా పీడించింది. ఇంత కాపుదలలో కూడా నాప్లియస్‌లలో సగం పీఎల్ దాకా వస్తే అది మంచి బ్యాచ్ కిందే లెక్క. కొనే రైతు కూడా పిల్లలను ఊరికే తీసుకోడు. కొన్ని పిల్లలను ఉప్పు బాగా తగ్గించిన నీటిలో అరగంటో గంటో ఉంచి, ఎన్ని తట్టుకున్నాయో చూసి బేరం మాట్లాడతాడు.

చేపపిల్ల ఇంకా మొండిది. చెన్నైలోని కేంద్ర ఉప్పునీటి జలచరాల పరిశోధన సంస్థ 1997లో పండుగప్పను హేచరీలో పుట్టించింది. విశాఖలోని కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ కేంద్రం బొంత జాతిదైన నారింజ మచ్చల గ్రూపర్‌ను, ఇండియన్ పాంపనోను పిల్లలు పెట్టించింది. వీటికి డయాటమ్‌లు చాలవు. మొదటి మేతగా రోటిఫర్లు, తరువాత ఆర్టీమియా అనే సన్నటి జంతు ప్లవకాలు కావాలి. ఇందులో మరో చిక్కుంది. సముద్రపు చేపపిల్ల మెదడు, కళ్లు ఎదగడానికి డీహెచ్ఏ అనే కొవ్వు ఆమ్లం తప్పనిసరి. దాన్ని సొంతంగా తయారు చేసుకునే శక్తి ఆ పిల్లకు దాదాపు లేదు. ఆర్టీమియాలో డీహెచ్ఏ ఉండదు. అందుకని ఆర్టీమియాకు ముందు చేపనూనె మిశ్రమం తినిపించి, దాన్ని పిల్లలకు వేస్తారు. సముద్రంలో ఈ పని నాచుల నుంచి జంతు ప్లవకాలకు, వాటి నుంచి పిల్లలకు దానంతటదే జరిగిపోతుంది. పండుగప్ప పిల్లల్లో ఒకటి కాస్త పెద్దదైతే చాలు, చిన్నదాన్ని మింగేస్తుంది. వారం తిరక్కుండానే జల్లెడ పట్టి సైజుల వారీగా వేరు చేయకపోతే తొట్టి ఖాళీ అవుతుంది.

హేచరీలో ఇంతమంది కలిసి చేసే పనిని నది ముఖద్వారం తనంతట తాను చేస్తుంది. దాన్ని చూడాలంటే నిజాంపట్నం, అడవులదీవి దిక్కున మడ అడవుల్లోకి వెళ్లాలి. నడిసముద్రంలో పుట్టి, రెండు మూడు వారాలు నీటి పోకడలో కొట్టుకొచ్చిన పీఎల్‌లు తీరానికి చేరేసరికి సెంటీమీటరు పొడవుంటాయి. ఆ ఒంటితో ఉప్పుటేరులోకి ఎదురీదడం సాధ్యం కాదు. కానీ చాలా రొయ్యజాతుల పిల్లలకు ఒక తెలివి ఉంది. పోటు వచ్చేటప్పుడు నీటిలో పైకి తేలి దానితో పాటు లోపలికి వెళతాయి. పాటు మొదలవగానే అడుగుకు దిగి బురదను పట్టుకుని ఉండిపోతాయి. ఇలా పోటు మీద పోటు ఎక్కుతూ మైళ్ల కొద్దీ లోపలికి చేరతాయి. నీటిలో ఉప్పు పెరగడం, నీటి ఒత్తిడి మారడం వాటికి సంకేతాలు.

మడచెట్ల వేళ్ల సందుల్లో పెద్ద చేప దూరలేదు. రాలిన ఆకు కుళ్లి, దాని మీద పెరిగే సూక్ష్మజీవులు మేతగా మారతాయి. నీరు లోతు తక్కువగా, వెచ్చగా ఉంటుంది, కాబట్టి పెరుగుదల వేగంగా సాగుతుంది. ఉప్పు తక్కువైన నీటిని రొయ్యపిల్ల తేలిగ్గా తట్టుకుంటుంది. దాన్ని వేటాడే చాలా సముద్రపు చేపలు తట్టుకోలేవు. అలా మంచినీరు కలిసిన ఉప్పుటేరు ఆ పిల్లకు ఒక కంచె కూడా. కొన్ని నెలలు అక్కడ పెరిగి, మళ్లీ గుడ్లు పెట్టడానికి సముద్రానికి మరలుతుంది.

దీనికి సరిగ్గా తిరగేసిన బతుకు మన కృష్ణలోనే ఉంది. నీలకంఠ రొయ్య నదిలో పెరిగే జీవి. దాని పిల్లలకు మాత్రం ఉప్పు కావాలి. 1961లో మలేషియాలోని పెనాంగ్‌లో షావో-వెన్ లింగ్ ఈ రహస్యం కనిపెట్టేదాకా, మంచినీటి రొయ్య పిల్లలు మంచినీటిలోనే ఎందుకు చచ్చిపోతున్నాయో ఎవరికీ అంతుపట్టలేదు. తల్లి పొట్ట కింద గుడ్లు మోసుకుంటూ నదీముఖం దాకా దిగుతుంది. పిల్లలు ఉప్పు కలిసిన నీటిలో పదకొండు దశలు దాటి పీఎల్ అయ్యాక నదికి ఎదురెక్కడం మొదలుపెడతాయి. ఒడ్డు వెంట, తడిరాళ్ల మీద పాకుతూ కూడా పైకి వస్తాయి. కృష్ణా, గోదావరుల్లో దొరికే దీని దగ్గరి బంధువు, మాక్రోబ్రాకియం మాల్కమ్‌సోనీ అనే మరో నది రొయ్య పిల్లలకూ ఇదే అవసరం. బెజవాడ దగ్గర 1855 నాటికి ఆనకట్ట వచ్చింది. అది 1952లో కొట్టుకుపోతే 1957లో ప్రకాశం బ్యారేజీ కట్టారు. పైన సాగర్, ఆ తరువాత పల్నాటి సరిహద్దులోనే పులిచింతల. గోడ ఎక్కలేని పిల్లకు గోడ అవతల ఉన్న నది లేనట్టే.

గోడకన్నా పెద్ద సంగతి నీరు. 1955 డిసెంబరు 10న నెహ్రూ సాగర్‌కు శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీళ్లు వదిలారు. ఆ నీటితో పల్నాడు మారింది. మెట్టచేలను నమ్ముకుని కరువుల్లో వలసపోయిన కుటుంబాలు నిలదొక్కుకున్నాయి. ఆ మేలు తక్కువ చేసి మాట్లాడడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. కానీ నదికి మరో కొస ఉంది. గత శతాబ్దం మొదటి సగంలో కృష్ణ ఏటా సగటున రమారమి రెండు వేల టీఎంసీలను సముద్రానికి చేర్చేది. మహారాష్ట్ర, కర్ణాటక, తెలంగాణ, ఆంధ్రల్లో ప్రాజెక్టులు ఒక్కొక్కటే కట్టుకుంటూ వచ్చాక అది కొన్ని వందలకు తగ్గింది. 2002-04 మధ్య కరువేళ్లలో బ్యారేజీ దిగువకు పోయింది దాదాపు సున్నా.

నది నీటితో పాటు తీరానికి నత్రజని, భాస్వరం, సిలికా వస్తాయి. సిలికా లేకపోతే డయాటమ్‌కు గాజుగుల్ల లేదు. డయాటమ్ లేకపోతే జోయియాకు మొదటి ముద్ద లేదు. నైలు నది మీద ఆస్వాన్ పెద్ద ఆనకట్ట 1964లో నీటిని నిలబెట్టడం మొదలుపెట్టాక ఈజిప్టు తీరంలో జరిగిన సంగతి ఇందుకు సాక్ష్యం. ఏటా వరదతో పాటు వికసించే నాచు ఆగిపోయింది. 1962లో సుమారు 18 వేల టన్నులున్న సార్డైన్ల రాబడి కొద్ది ఏళ్లలోనే కొన్ని వందల టన్నులకు పడిపోయింది. రొయ్యల రాబడి కూడా దెబ్బతింది. ఆస్ట్రేలియా ఉత్తరాన కార్పెంటేరియా సింధుశాఖలో దీనికి మరో పక్క కనపడుతుంది. అక్కడ వానలు బాగా పడి నదులు నిండుగా పారిన ఏడాది బనానా ప్రాన్ రొయ్య దండిగా పడుతుంది, వాన తక్కువైన ఏడాది పలచగా పడుతుంది. ఉప్పుటేర్లలో పెరిగిన పిల్లలను నదీజలం సముద్రంలోకి తోస్తుందని, తీరానికి మేతనూ చేరుస్తుందని అక్కడి పరిశోధకులు దశాబ్దాల పాటు వలలేసి, కొలిచి తేల్చారు.

మరీ ఎక్కువ నీరు ఒక్కసారిగా పడినా మేలు కాదు. 2024 సెప్టెంబరు మొదట్లో ప్రకాశం బ్యారేజీ నుంచి 11 లక్షల క్యూసెక్కులు దాటి వరద వెళ్లింది. అలాంటి వరదలో ఉప్పుటేరులోని ఉప్పంతా కడుక్కుపోతుంది, ఇంకా గట్టిపడని పిల్లలు అకాలంలో సముద్రంలోకి కొట్టుకుపోతాయి. పిల్లలకు కావలసింది వేళకు, కొంచెం కొంచెంగా, ఏటా తప్పకుండా వచ్చే నీరు. జలాశయాల నుంచి సముద్రానికి పోయిన ప్రతి టీఎంసీనీ నష్టం పద్దులో రాయడం మనకు అలవాటైంది. నా లెక్కలో అది తప్పు పద్దు. ఆ నీటిలో కొంత నిజాంపట్నం రేవులో వల మీద బతికే కుటుంబాల వాటా.

మనుషుల చేతుల్లో ఉన్నవి మరి రెండున్నాయి. ఒకటి వేట విరామం. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరపడవలు సముద్రంలోకి వెళ్లకూడదు. ఆ రెండు నెలలూ మన ఊరి మార్కెట్‌లో సముద్రపు చేప తక్కువగా, ధర ఎక్కువగా ఉండడానికి కారణం ఇదే. తల్లులు గుడ్లు పెట్టడానికీ, పిల్లలు కాస్త ఎదగడానికీ దొరికే వ్యవధి అది. విరామం ముగిశాక సన్నకన్ను వలతో వేలెడంత పిల్లలను దేవి, ఎండబెట్టి మేతపొడికి అమ్మితే ఆ 61 రోజులకు ఫలం దక్కదు. కేరళ 58 జాతుల చేపలకు, రొయ్యలకు, ఇతర జీవులకు పట్టదగిన కనీస పరిమాణం నిర్ణయించింది. ఆ మార్గం మనకూ అవసరం. రెండోది సీడ్ ఏరడం. హేచరీలు బలపడకముందు చెరువుల కోసం టైగర్ పిల్లలను ఉప్పుటేర్లలోంచే దోమతెర లాంటి వలలతో పట్టేవారు. గీత ఉన్న ఒక్క పిల్లను ఏరుకుని, మిగతా పదుల కొద్దీ రొయ్య, పీత, చేప పిల్లలను గట్టు మీద పారేసేవారు. హేచరీ వచ్చాక ఆ ఏరివేత బాగా తగ్గింది. హేచరీ సముద్రానికి చేసిన మేళ్లలో ఇదొకటి.

కృష్ణ విషయంలో ఇప్పుడు మొదలుపెట్టదగిన పని ఒకటుంది, పెద్ద ఖర్చూ లేదు. ప్రకాశం బ్యారేజీ నుంచి రోజుకు ఎన్ని క్యూసెక్కులు వదిలారో లెక్క ఉంది, పత్రికల్లో వస్తుంది. కుడికాలువకు ఎంత ఇచ్చారో కూడా లెక్క ఉంది. నిజాంపట్నం ఉప్పుటేర్లలో వారానికొకసారి, ఒకే చోట, ఒకే కొలత వలతో పీఎల్‌లను పట్టి, జాతుల వారీగా లెక్కపెట్టి, ఉప్పు కొలిచి, మళ్లీ నీటిలో వదిలేసే లెక్క కూడా దాని పక్కన చేరాలి. బాపట్ల తీరంలోని కళాశాలల విద్యార్థులతో, మత్స్యకార సంఘాలతో ఆ పని చేయించవచ్చు. పదేళ్లు ఆగకుండా సాగితే ఏ నెలలో ఎంత నీరు దిగితే ఏ పిల్లలు లోపలికి వస్తున్నాయో తెలుస్తుంది. అప్పుడు సాగర్ నీటి పంపకం మీద జరిగే సమావేశంలో ఎడమ కాలువ, కుడికాలువ, డెల్టా పద్దుల కింద నదీముఖానికి కూడా ఒక పద్దు, ఒక నెల, ఒక అంకె రాయడానికి వీలవుతుంది.